డ్యాష్‌బోర్డు మీద తడి గోనెపట్టా

మా ఆయన పాత పికప్ బండిలో ఏసీ ఉండేది కాదు. ఉన్నదల్లా ఒక గోనెపట్టా. గరిడేపల్లిలో వడ్లు ఎత్తుకుని మిర్యాలగూడ మిల్లులకు బయల్దేరితే, కాల్వ వంతెన దగ్గర బండి ఆపేవాడు. పెళ్లైన కొత్తలో నేనూ వెంట వెళ్లేదాన్ని. పట్టాను కాల్వలో ముంచి, పిండి, కిటికీకి కట్టడం నా పని. బండి కదలగానే తడి జనపనార వాసనతో గాలి ముఖానికి తగిలేది. కోసిన మళ్లు వెనక్కి జరిగిపోతుంటే నాకు కళ్లు మూతలు పడేవి. నిద్రో మెలకువో తెలిసేది కాదు. ఇప్పటికీ ఆ వాసన తగిలితే పట్టపగలే కలల్లోకి జారిపోతాను.

తర్వాత పిల్లలు, గొడ్లు, ఇల్లు. బండెక్కడం మానేశాను. పట్టా మాత్రం పొద్దున్నే తడిపి చేతికిచ్చేదాన్ని.

పోయిన ఎండాకాలం మునగాల దగ్గర ఆయనకు వడదెబ్బ తగిలింది. దాబావాళ్లు మోసుకెళ్లి నీడన పడుకోబెట్టారు కాబట్టి బతికాడు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని సూర్యాపేట దవాఖానలో డాక్టరు చెప్పాడు. బండి అమ్మేయమన్నాను. ఆయన అలిగి అన్నం మానేశాడు. చిన్నపిల్లాడు నయం. చివరికి ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం: ఏసీ పెట్టిద్దాం, అయినా బండి చల్లబడకపోతే అమ్మేద్దాం.

కోదాడ షెడ్డులో మేస్త్రీ ఈ ముసలి బండికి ఏసీ ఏంటని మొదట నవ్వాడు. తర్వాత ఆ మేస్త్రీకే మోజు పుట్టింది. పాత రేడియో ఉన్నచోట నీలం అంకెలు వెలిగే డిజిటల్ ప్యానెల్ బిగించాడు. ఎంత చల్లదనం కావాలో నొక్కితే చాలట. డ్యాష్‌బోర్డు మీదున్న చిన్న జాలీలోంచి లోపలి వేడిని అదే కనిపెట్టి, గాలిని అదే సర్దుకుంటుందట. అద్దాలు మాత్రం దించొద్దని మరీ మరీ చెప్పాడు. ఆ నీలం వెలుగు చూస్తూ నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మొదటి లోడు దించి వచ్చిన రోజు మా ఆయన చెమటతో తడిసి ముద్దై దిగాడు.

“నంబరు సల్లగనే సూపిస్తంది గని, నాకైతే ఉడుకపోస్తంది” అన్నాడు.

ఇక బండి పోయినట్టే. ఆయన ముఖం చూడలేక, మేస్త్రీని మనసులో తిట్టుకుంటూ క్యాబిన్‌లోకి తొంగి చూశాను. డ్యాష్‌బోర్డు మీద తడి గోనెపట్టా, సరిగ్గా ఆ జాలీని కప్పేసి ఉంది. అద్దాలు దించకూడదు కాబట్టి పట్టాను అక్కడ పరిచాడట. ఏసీ పాపం ఆ తడిని నమ్మి, లోపలంతా చల్లగానే ఉందనుకుని ఊరుకుంది. నవ్వాపుకోలేకపోయాను. పట్టా తీసేశాక కాసేపటికి గాలి జివ్వున వచ్చింది. బండి దక్కిందని నాకూ సంతోషమైంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పట్టా తడిపిమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రాణం కంటే గోనెపట్టా ఎక్కువా అని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా స్టీరింగ్ తుడుస్తూ నిలబడ్డాడు.

“సల్లదనానికి కాదు. ఆ వాసనొస్తే నువ్వు పక్కన కూసున్నట్టుంటది” అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయనకు చల్లటి గాలి పంపుతున్నాననే అనుకున్నాను.

పట్టాను దండెం మీద ఆరేశాను. ఇంటికి తాళం వేసి బండెక్కాను. కాల్వ వంతెన దగ్గర అలవాటుగా బ్రేకు తొక్కాడు. ఇద్దరం దిగలేదు. అద్దాలు ఎత్తే ఉన్నాయి, నీలం అంకెలు వెలుగుతున్నాయి. బండి మళ్లీ కదిలింది. నాకు మెల్లగా కళ్లు మూతలు పడ్డాయి.