ఒక చెవి అత్తకు

మూడు వారాల పాటు హెడ్‌ఫోన్ల గురించే చదివాను. చెవిని పూర్తిగా మూసేవి, సగం మూసేవి, చెవిలోకి దూరేవి. రికార్డు చేసేటప్పుడు మైకులోకి ఏం పోతోందో తెలియాలంటే బయటి శబ్దం చెవిన పడకూడదని అందరూ రాశారు. నాకు ఏదైనా తలకెక్కిందంటే అంత తేలిగ్గా దిగదు. గద్వాలలో నేను పాఠాలు చెప్పే బడి వదిలాక బస్సెక్కి, కిటికీ బయట కంది చేలు ఎండలో కరిగిపోతున్నట్టు వెనక్కి పోతుంటే, నేను ఫోన్లో హెడ్‌ఫోన్ల బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని.

తొందరంతా మా మేనత్త గొంతు గురించి. ఆమెది కోడేరు. గొంతులో గడ్డ ఉందని, తీసెయ్యాలని, ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమని పట్నం డాక్టరు అన్నాడు. నా చదువు పూర్తయ్యేసరికి ఆపరేషన్ ఇంక రెండు వారాలే ఉంది. అంతవరకు గట్టిగా మాట్లాడనివ్వొద్దని మరీ మరీ చెప్పాడు. నేను చేసే పాడ్‌కాస్ట్‌లో మా వైపు ఆడవాళ్ళు తాము చేసిన పనుల గురించి చెప్తారు. వినేవాళ్ళు కొద్దిమందే, అందులో ఇద్దరు నా చెల్లెళ్ళు. ఊళ్ళన్నీ తిరిగి ఎవరెవరినో మాట్లాడించాను గానీ అత్తను మాత్రం అడగలేదు. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా చేయొచ్చులే అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వనపర్తిలో ఒక దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు నా తలకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి సినిమా పాట పెట్టాడు. "బేస్ జూడుండ్రి మేడం, ఛాతీల కొడ్తది" అన్నాడు. నేను చూసింది వేరు. అవి పెట్టుకోగానే రోడ్డు మాయమైంది. ఆటోల హారన్లు, ఎదురుగా చెరకు రసం బండి గంటలు, అన్నీ మెత్తగా మునిగిపోయాయి. ఇవే కావాలన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కోడేరులో అత్త ఇంట్లో ఫ్యాను ఆపి, తలుపు దగ్గరికి వేసి, మైకు ఆమె ముందు పెట్టాను. హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందే గది? చెవులు మూసుకుంటివి. ఇంక నేనెవరికి చెప్పాలె?"

"నువ్వు చెప్పత్తా, నాకు ఇనపడ్తది" అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు జొన్న చేలల్లో మంచె మీద నిలబడి, ఒడిసెలతో రాళ్ళు విసురుతూ, కేకలేస్తూ పిట్టలను తోలిన మనిషి. మూడు చేల అవతలికి మాట వినిపించడం ఆమెకు వచ్చిన విద్య. గొంతు ఎక్కువవుతోందని నేను మైకు శబ్దం కొంచెం తగ్గించాను. ఆమె ఇంకొంచెం పెంచింది. ఆ హెడ్‌ఫోన్లలో అంతా ఎంత తీయగా ఉందో! కళ్ళు మూసుకున్నాను. జొన్న కంకులు ఊగుతున్నాయి, గాలికి లంగా అంచు ఎగురుతోంది, పదేళ్ళ అత్త ఆకాశానికి దగ్గరగా నిలబడి ఉంది. గొంతు ఇంత బాగుంటే డాక్టర్లు ఉత్తగా బెదిరిస్తున్నారనుకున్నాను.

ఉన్నట్టుండి మాట ఆగిపోయింది. కళ్ళు తెరిచేసరికి అత్త గొంతు పట్టుకుని ఉంది. మెడ నరాలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెడ్‌ఫోన్లు లాగిపారేశాను.

"అంత గట్టిగ ఎందుకు చెప్పినవ్ అత్తా?"

ఆమె పెదవులు కదిలించింది. గొంతు గాలిలాగా వచ్చింది. "నీ చెవులు మూసుండె గద బిడ్డా. నీకు ఇనపడొద్దా మరి?"

నాలుగు రోజులు అత్త నోట మాట లేదు. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి వచ్చి వంటగదిలో నిలబడి ఏడ్చాను. మిగిలి ఉన్న కాస్త గొంతును నా చేతులతో నేనే పారబోశాననిపించింది. మూడు వారాలు చెవుల గురించి చదివాను గానీ, చెప్పే మనిషి నా చెవులను చూస్తుందని ఎక్కడా చదవలేదు.

మళ్ళీ వనపర్తి వెళ్ళాను. ఈసారి తీగతో ఉండే మామూలు ఇయర్‌ఫోన్లు అడిగాను. "పెద్దయి కొంటిరి గద మేడం, ఇవెందుకు?" అన్నాడు. ఒక చెవి ఖాళీగా ఉండాలన్నాను. అతను నన్ను అదోలా చూసి తీసిచ్చాడు.

ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు, అత్త గొంతు కొంచెం తేరుకున్నాక, ఇద్దరం గడప మీద కూర్చున్నాం. ఎడమ చెవిలో ఒకటి పెట్టుకుని, రెండోది మెడ మీద వదిలేసి, కుడివైపు వెంట్రుకలు వెనక్కి దువ్వి చూపించాను.

"ఈ చెవు నాదేనా?" అని అడిగింది.

"నీదే అత్తా. మెల్లగ చెప్పు."

మెల్లగా చెప్పింది. పక్క చేలో మంచె మీద ఇంకో పిల్ల ఉండేదట. మధ్యలో ఎత్తైన జొన్న. పంట కోసేదాకా ఒకరి మొహం ఒకరికి సరిగా తెలియకుండానే పొద్దంతా కేకలతో ముచ్చట్లు పెట్టుకునేవారట. ఒక చెవిలో అత్త గొంతు తీగ గుండా వస్తోంది, రెండో చెవిలో గాలిలో వస్తోంది. ఆ రెండింటి నడుమ నేను ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. కోడి అరుపు, బస్సు హారను కూడా రికార్డయ్యాయి. పోనీలే అని వదిలేశాను. నడుమ ఒకసారి అత్త ఆగి, "ఏమే పిల్లా, ఇంటున్నవా?" అని అడిగింది. రికార్డులో నా గొంతు పడకూడదని తల మాత్రం ఊపాను.

ఆపరేషనై నెల దాటింది. గడ్డ పోయింది. మాట రాలేదు.

మొన్న ఆదివారం వెళ్తే, అత్త తన చెవి ముట్టుకుని నా సంచీ వైపు చూపించింది. ఇయర్‌ఫోన్లు తీసి రెండూ ఆమెకే ఇచ్చాను. ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది నా చెవిలో పెట్టింది. తీగ పొట్టిది కావడంతో తలలు ఆనించుకుని కూర్చున్నాం. ఆ రోజు గడప మీద చేసిన రికార్డు పెట్టాను. జొన్న చేను మొదలైంది. అత్త కళ్ళు మూసుకుని తన గొంతు తానే వింటోంది. నడుమ ఆ గొంతు ఆగి, "ఏమే పిల్లా, ఇంటున్నవా?" అంది.

అత్త కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది. జవాబు కోసం చూస్తోంది.

"ఇంటున్న అత్తా" అన్నాను, ఈసారి పైకే.