తుడిచి తెచ్చిన కారవాన్

2023 వేసవి. జర్మనీలో బ్రెమెన్ ఊరి చివర, హైవేకి దగ్గరగా ఉన్న మా వర్క్‌షాప్‌లో కార్లకి కారవాన్లు తగిలించే పని చేస్తాం. కారవాన్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి, ఇంజిన్ ఒక్కటే ఉండదు. లాగేది కారు. ఆ రెండూ రోడ్డు మీద ఒకదాన్నొకటి తన్నుకోకుండా కలిసి నడిచేట్టు చూడటం నా ఉద్యోగం. ఖమ్మంలో మెకానికల్, ఆకెన్‌లో మాస్టర్స్ చదివి ఇక్కడ తేలాను. "ఇంతా చదివి హుక్కులు బిగిస్తున్నావా?" అని మా పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది. హుక్కు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో పిన్నికి తెలీదు కాబట్టి హాయిగా నిద్రపోతుంది. నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. ఈ పనిలో మాత్రం దాన్ని అర్హత కింద లెక్కేస్తారు.

ఆ జూన్‌లో ప్రవీణ్ వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి. ఇక్కడ విమానాల కంపెనీలో ఇంజినీరు. విమానంలో సరుకు ఎక్కడ పెడితే బరువు ఎటు పడుతుందో లెక్కకట్టే పని. ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీ ఉంది, దానికి తోడు సెకండ్ హ్యాండ్ కారవాన్ కొన్నాడు. పిల్లకి సెలవులు ఇవ్వగానే భార్య మాధవి, తొమ్మిదేళ్ల కూతురు నిత్య, ఇండియా నుంచి వచ్చిన తల్లి రాజవ్వ, అందరూ కలిసి ఆల్ప్స్ దాటి ఇటలీ సముద్రం దాకా వెళ్లాలని ప్లాన్.

"అక్కా, ఎనభై దాటంగనే ఎనుక తోక ఊపుతున్నది. ఆదివారం ట్రయల్ కొట్టినం. మా మాధవి ఇంక ఎక్కనంటున్నది" అన్నాడు.

దాన్ని మేం స్వే అంటాం. మొదట కారవాన్ వెనక భాగం కొంచెం ఊగుతుంది. డ్రైవర్ కంగారుపడి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే ఊపు ఇంకా పెరుగుతుంది. మరీ పెరిగితే కారవాన్ పడిపోతూ కారుని కూడా తనతో పడేస్తుంది. అలా పడ్డ బండిని ఒకసారి మా యార్డుకి తెచ్చారు. సింకు ఊడిపోయి పైకప్పులో ఇరుక్కుని ఉంది. అది చూసిన దగ్గర్నుంచి ఎవరు 'తోక ఊపుతోంది' అన్నా చేతిలో పని పక్కన పెట్టేస్తాను.

"ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అచ్చం అలాగే సర్ది తీసుకురా" అని చెప్పి పంపాను. తెచ్చాడు. లోపల సూట్‌కేసులు, దుప్పట్లు, మడత కుర్చీలు ఉన్నాయి. నేల అద్దంలా మెరుస్తోంది, అగరొత్తుల వాసన. ఇంత శుభ్రమైన కారవాన్ మా వర్క్‌షాప్ గడప తొక్కలేదని మా మైస్టర్, అంటే వర్క్‌షాప్ పెద్ద మేస్త్రీ, తెగ మెచ్చుకున్నాడు.

ముందుగా ష్టుట్స్‌లాస్ట్ కొలిచాను. అంటే కారవాన్ ముక్కు కారు హుక్కు మీద ఎంత బరువు మోపుతోందన్న లెక్క. అది మరీ ఎక్కువైతే కారు వెనక్కి కుంగుతుంది. తక్కువైతే ముక్కు తేలిపోయి వెనక ఊపు మొదలవుతుంది. ప్రవీణ్ బండికి సరిగ్గా ఉండాల్సినంత ఉంది. టైర్లు పాతబడ్డాయి, మార్పించాను. ఊపుని బిగించి పట్టే యాంటీ స్వే కప్లింగ్ వేశాను. నేనే హైవే మీదకి తీసుకెళ్లాను. తాడు కట్టి లాగినట్టు తిన్నగా వచ్చింది.

ఆ ఆదివారమే ఫోను. "అక్కా, మల్ల ఊగింది."

మళ్లీ తెప్పించాను. మళ్లీ తుడిచిన నేల, అవే సూట్‌కేసులు. మళ్లీ కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కారు వెనక స్ప్రింగులు, కారవాన్ ఇరుసు, బ్రేకులు, ఒక్కొక్కటీ విప్పి చూశాను. "బండిలో ఏం లేదు, నడిపేవాడిలోనే ఉంది" అని మైస్టర్ తేల్చేశాడు. నాకు మాత్రం అన్నం సహించడం మానేసింది. లోపం కంటికి కనిపిస్తే సగం భయం పోతుంది. కనపడని లోపంతో ఒక కుటుంబం ఆల్ప్స్ ఘాట్ దిగబోతోందంటే ఏం చెయ్యాలి?

"ఇంకో వారం ఆగు ప్రవీణ్. కారణం దొరక్కుండా వెళ్లొద్దు" అన్నాను.

"చూద్దాం అక్కా. మెల్లగ పోతా. నువ్వు పెట్టిన కప్లింగ్ ఉన్నది కదా, అదే చూసుకుంటది" అన్నాడు. అంటున్నప్పుడు నా మొహం చూడలేదు. అది నాకు నచ్చలేదు.

శనివారం పొద్దున వర్క్‌షాప్ తెరుస్తుంటే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. 'బయల్దేరినం అక్కా, థాంక్స్' అని ఉంది. నలుగురూ కారవాన్ పక్కన నవ్వుతూ నిలబడ్డారు. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. చూసి నవ్వబోయి ఆగిపోయాను. కారవాన్ ముక్కు పైకి లేచి ఉంది, వెనక భాగం నేలకి వంగి ఉంది. తెరిచిన వెనక తలుపులోంచి బియ్యం బస్తాలు కనిపిస్తున్నాయి.

నేను రెండుసార్లు కొలిచింది ఈ బండిని కాదు!

ప్రవీణ్‌కి చేస్తే ఎత్తలేదు. మాధవికి చేస్తే ఎత్తలేదు. బయట చెట్లు ఊగేంత గాలి వీస్తోంది. 'దేవుడా, ఒక్కసారి ఎత్తించు' అని మొక్కుకుంటూ మళ్లీ మళ్లీ చేశాను. చివరికి నిత్య ఎత్తింది.

"హలో? పాపా ఫేర్ట్ గెరాడ." నాన్న బండి నడుపుతున్నాడని జర్మన్‌లో చెప్తోంది.

"నిత్యా, స్పీకర్‌లో పెట్టమ్మా. నాన్నకి స్పీడ్ తగ్గించమని చెప్పు, ఇప్పుడే."

"లారీని దాటుతున్న అక్కా, ఒక్క నిమిషం" అన్న ప్రవీణ్ గొంతు వినిపించింది. వెంటనే మాధవి కేక, కారులో సామాను దొర్లిన చప్పుడు, "అయ్యో కొడుకా!" అని రాజవ్వ అరుపు.

"స్టీరింగ్ తిప్పొద్దు! గట్టిగా పట్టుకో! యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేక్ నొక్కు, గట్టిగా నొక్కు!" నా అరుపుకి మైస్టర్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అవతల హారన్లు, తర్వాత ఏమీ లేదు. పిల్ల ఏడుపు వినిపించాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఏడుస్తోందంటే బతికే ఉంది.

"ఊపు ఆగింది అక్కా" అన్నాడు ప్రవీణ్. అతని గొంతే గుర్తుపట్టలేకపోయాను. "లారీ ఎనుకనే మెల్లగ పోతున్న. ముందు పార్కింగ్ ఉన్నది, ఆపుతా."

వర్క్‌షాప్ వ్యాన్‌లో కొలత సామాను వేసుకుని వెళ్లాను. హైవే పక్క పార్కింగ్‌లో మాధవి గడ్డి మీద నిత్యని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాజవ్వ కారవాన్ మెట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ప్రవీణ్ కప్లింగ్ విప్పి, కారవాన్ ముక్కుని ఒక్క చేత్తో పైకి లేపాడు. నేను కొలత పెట్టాను. ముల్లు కదల్లేదు.

వెనక తలుపు తీస్తే పిల్లల మంచాల కింద ఒక పెళ్లికి సరిపడా సామాను ఉంది. బియ్యం, కందిపప్పు, వెట్ గ్రైండర్, కుక్కర్లు, ఆవకాయ జాడీలు, నీళ్ల క్యాన్లు.

"నా దగ్గరికి వచ్చినప్పుడు ఇవన్నీ ఏవి?" అని అడిగాను.

"తీసేసి తెచ్చాం అక్కా" అంది మాధవి. "వర్క్‌షాప్‌లో అంతా జర్మన్లు కదా, పచ్చళ్ల వాసన వస్తే బాగుండదనిపించింది. అయినా షెడ్డుకి ఇచ్చేటప్పుడు ఇంట్లో సామాను తీసే కదా ఇస్తాం."

నిజమే. ఖమ్మంలో మా నాన్న కారు సర్వీసింగ్‌కి ఇచ్చేముందు డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా జేబులో వేసుకునేవాడు. మైస్టర్‌కి ఇది తట్టకపోవడంలో వింత లేదు. నాకు తట్టొద్దా?

"మరి బరువంతా వెనకే ఎందుకు పెట్టారు?"

రాజవ్వ తల ఎత్తింది. "నేనే పెట్టిచ్చిన బిడ్డా. ఇంటి కాడ నిలిపితే గా మూల నైరుతి అయితది. నైరుతిల బరువు ఉండాలె. పాలు పొంగిచ్చి మరీ పెట్టిన."

నేను ప్రవీణ్‌ని పక్కకి లాగాను. "నీ ఉద్యోగమే బరువులు లెక్కకట్టడం. నీకు తెలీదా?"

"తెలుసక్కా." కళ్లు తుడుచుకున్నాడు. "బాపు పోయినప్పటి సంది అమ్మ సరిగ మాట్లాడలే. టికెట్ తీసి ఈడికి తీసుకొచ్చినా గోడ దిక్కు చూసుకుంట కూసునేది. ఈ బండి తెచ్చినంక లేచింది. ఇదిక్కడ పెట్టు, అదక్కడ పెట్టు అన్నది. నేనెట్ల వద్దంట? కప్లింగ్ ఆపుతదిలే అనుకున్న."

నేను బిగించిన ఇనుముతో ఒక కొడుకు తల్లికి చెప్పలేని మాటని మోయిద్దామనుకున్నాడు. ఇనుము ఎంతని మోస్తుంది?

మేం గొంతు తగ్గించాం గానీ రాజవ్వవి పాము చెవులు. లేచి వచ్చి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "నా మాట నిలపనీకి నా మనవరాలిని సంపుతవార? నోరు లేదా నీకు? నేనేమన్న పసిపిల్లనా, చెప్తె ఏడుస్తనని?" అని, ఆ మాటతోనే తను భోరుమంది. ప్రవీణ్ ఆమెని పట్టుకున్నాడు. నేను టైర్లు చూస్తున్నట్టు నటించాను.

కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. "ఏడ పెట్టాలె బిడ్డా?"

"నడుమ పెద్దమ్మా. చక్రాల మీదికి."

"నడుమ బ్రహ్మస్థానం. ఆడ బరువు పెట్టొద్దంటరు."

నాకు మళ్లీ గుబులు మొదలైంది. ఇది దాటకపోతే ఇటలీ దాకా ఎక్కడో ఒకచోట బస్తాలు మళ్లీ వెనక్కి చేరతాయి. రాజవ్వ చక్రాన్ని చూసింది, గడ్డి మీద వెక్కుతున్న పిల్లని చూసింది.

"ఇల్లంటె ఒక్క తాన నిలబడతది. ఇది ఉర్కుతది. ఉర్కేదానికి నైరుతి ఏడుంటది? మలుపు మలుపుకి మారదా?" అని, కొడుకు వైపు తిరిగింది. "చూస్తవేందిర, బస్తా లేపు."

ఇక పెత్తనం ఆమెదే. బియ్యం ఇరుసు మీదికి వచ్చింది, గ్రైండర్ కారులోకి వెళ్లింది, పప్పులు ముందుకి జరిగాయి. ఒక్కో వస్తువు జరిపినప్పుడల్లా "ముల్లు ఎంతున్నది?" అని అడిగింది. ముల్లు లేవడం చూసి ఉత్సాహం ఎక్కువై ఆవకాయ జాడీలు కూడా ముక్కులోనే పెడతానంది. ముందు ఎక్కువైనా కారు కుంగుతుందని ఆపాల్సొచ్చింది.

ట్రయల్‌కి నేనే స్టీరింగ్ పట్టాను. "నేను కూసుంట. నేను జూడాలె" అని రాజవ్వ వెనక సీట్లో ఎక్కింది. స్పీడ్ ఎనభైకి తెచ్చాను. పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. గాలి తోపుకి కారవాన్ ఒక్కసారి అదిరింది. నా భుజం మీద రాజవ్వ వేళ్లు దిగబడ్డాయి. అద్దంలో చూశాను. కారవాన్ సర్దుకుని మా వెనకే బుద్ధిగా వస్తోంది.

"నిలబడ్డది" అంది రాజవ్వ. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

వాళ్లు సముద్రం దాకా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చారు. తోవ పొడుగునా ప్రతి ఉదయం ముల్లు చూడనిదే రాజవ్వ బండి కదలనివ్వలేదట.

అప్పటిదాకా కొత్తవాళ్లు ఎవరొచ్చినా కారు మోడల్, కారవాన్ బరువు అడిగేదాన్ని. ఇప్పుడు అన్నిటికంటే ముందు "సామాను ఎవరు సర్దుతారు?" అని అడిగి, వాళ్లని కూడా వెంటబెట్టుకు రమ్మంటాను. మొన్న ఒక జర్మన్ పెద్దాయన ఈ ప్రశ్న విని ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. తర్వాత వంగి, మెల్లగా అడిగాడు: "నా భార్య సర్దుతుంది. ఆమెకి మీరు చెప్తారా?"