నలభై మందల ఉన్ని

అందుకే అంటున్నాను, మునగాల బస్టాపులో మే నెల ఎండలో కూడా భుజాన గొంగడి వేసుకుని నిలబడ్డ ముసలాయన కనిపిస్తే నవ్వకండి. ఆయన పేరు తిరుపతయ్య. గొర్రెల కాపరి. ఆ గొంగడి సంగతి తెలిస్తే మీకు నవ్వు రాదు. ఆయనకైతే తలెత్తబుద్ధి కాదు.

నలభై అయిదేళ్ల కిందట, ఇరవై రెండేళ్ల వయసులో, గుట్ట మీది బండ సందులో పొగబెట్టి నాలుగు తోడేలు పిల్లల్ని బయటికి లాగాడు. అప్పట్లో వాళ్ల కాపరుల్లో ఒక పద్ధతి ఉండేది. తోడేలును పట్టినవాడు దాన్ని గంపలో పెట్టుకుని మంద మందకూ తిరిగి చూపిస్తే, మందకో పిడికెడు ఉన్ని ఇచ్చేవాళ్లు. తిరుపతయ్య నలభై మందలు తిరిగాడు. ఆ ఉన్నితో నేయించిందే ఈ గొంగడి. పెద్దగట్టు జాతరకు పోయినప్పుడల్లా అది కప్పుకుని ఊరివాళ్లకు ముందు నడిచేవాడు. తోడేళ్ల తిరుపతన్న అని పేరు.

ఆ తర్వాత ఆ గుట్టల్లో తోడేలును చూసినవాడు లేడు.

ఈ ఏడాది శివరాత్రి దాటిన వారానికి సంగీత అనే అమ్మాయి సూర్యాపేట నుంచి వచ్చింది. ఈ దిక్కున ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేకుండా పోయిన జంతువుల గురించి ఊరూరా అడిగి రాసుకుంటోంది.

"తాతా, తోడేళ్లు ఎట్ల పోయినయ్?"

"కాలువ నీళ్లొచ్చినయ్ గద బిడ్డా. అంత వరే అయింది. జాగ లేక అవే ఎటో ఎల్లిపోయినయ్."

"ఎవలన్న సంపిన్రా?"

"మా దిక్కు ఎవలు సంపలే."

ఆ అమ్మాయి అంతా రాసుకుంది. వానాకాలం మొదలయ్యేలోగా పుస్తకం అచ్చవుతుందని, అందులో తాత పేరు కూడా వస్తుందని చెప్పి, తన ఆఫీసు అడ్రసు, ఫోన్ నంబరు రాసిన చీటీ చేతిలో పెట్టింది. పోతూ పోతూ గొంగడి తడిమి చూసి, "మస్తుంది తాతా, యాడ నేయించినవ్?" అంది. గొర్రెలకు నీళ్లు పెట్టాలంటూ తిరుపతయ్య లేచి వెళ్లిపోయాడు.

అన్నీ విన్న భార్య ఆండాలు ఊరుకుంటుందా?

"నలభై మందలు తిరిగిన మొగోనివి, ఒక్క ఆడపిల్లకు నిజం జెప్ప నోరు రాలే?"

"నీకేం ఎరుక, ఊకో."

"నాకెరుక లేదా? జొరమొస్తె 'గంప, గంప' అని కలవరిస్తవ్. ఒక్కనాడన్న నా పేరు తీసినవా?"

పెళ్లయిన కొత్తలో ఆమె ఒక్కదానికే చెప్పుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నానికే పిల్లలు నీళ్లు లేక గంపలో చచ్చిపోయాయి. ఇంకా పదిహేను మందలు మిగిలి ఉన్నాయి. పైన ఆకులు కప్పి, ప్రతి మంద దగ్గరా వాటిని మెడ పట్టి ఎత్తి చూపించాడు. పట్టపగలు, రాయి విసిరేంత దూరంలో తల్లి తోడేలు గంప వెంట వస్తూనే ఉంది. దారి పక్కన గొర్రెపిల్లలు పడుకుని ఉంటే వాటి వైపు తిరిగి కూడా చూడలేదు. చివరి మంద దగ్గర దాని మీదికి కుక్కల్ని ఉసిగొల్పింది తిరుపతయ్యే.

అట్లా వెంట వచ్చిన తోడేలు గురించి, దానంతట అదే వెళ్లిపోయిందని ఆ అమ్మాయి చేత రాయించాడు.

"ఆ పిల్లకు ఫోన్ జెయ్యరాదు?" అంది ఆండాలు.

"ఫోన్ల జెప్పే ముచ్చట గాదే."

ఒకసారి బయలుదేరి సూర్యాపేటలో గొర్రెలకు నట్టల మందు కొనుక్కుని తిరిగొచ్చాడు. రెండోసారి ఆ ఆఫీసు గేటు దాకా వెళ్లాడు.

"ఎవలు గావాలె పెద్దాయనా?" అన్నాడు వాచ్‌మన్.

"ఎవలు లేరు. జర నీళ్లు తాగిపోదామని."

నీళ్లు తాగి వచ్చేశాడు.

ఈసారి గొంగడి కూడా ఆ అమ్మాయికే ఇచ్చేయాలని తెచ్చాడు. చీటీ దాని కొసకు ముడివేసి ఉంది. సూర్యాపేట బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కుతవా పెద్దయ్యా?" కండక్టర్ కేకేశాడు.

"నువ్ పో బిడ్డా," అన్నాడు తిరుపతయ్య. "ఎనకాల బస్సుకొస్త."