సొరబుర్రలో పచ్చజొన్న

మొదటి వానకూ రెండో వానకూ మధ్య ఆరు రోజులని నేను ఇంట్లో చెప్పిన మాట అబద్ధం. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న గూడెం. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే అన్నీ డైరీలో రాసుకుంటాను. ఇప్పపువ్వు రాలడం మొదలైన రోజు, అమ్మ బీడీల తునికాకు కోతకు పోయిన రోజు, వాన పడ్డ రోజు. చదువు రాని మా నాయనమ్మ ఏ సంగతి కావాలన్నా “నీ బుక్కుల సూడు” అనేది. ఇదివరకు ఆమెకు నా డైరీతో పని లేదు. కార్తెలు ఉండేవి. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరలో వాన. ఇప్పుడు రోహిణిలోనే వాన పడి, మృగశిర ఎండిపోతోంది.

నాయనమ్మకు ఒక సొరకాయ బుర్ర ఉంది. పొయ్యి పైన దూలానికి వేలాడుతుంది. అందులో బూడిద కలిపి పచ్చజొన్న విత్తనం దాచేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకం అది, దుకాణాల్లో దొరకదు. నాన్న చేనంతా పత్తి వేసినా, వాగు వైపు చిన్న నేల చెక్క ఒకటి ఆ జొన్నకు వదలాల్సిందే. పైగా మా గూడెంలో విత్తనాల పండుగ కాకముందు ఎవరూ గింజ చల్లరు. ప్రతి ఇంటివాళ్లూ పిడికెడు విత్తనాలు అమ్మవారి ముందు పోస్తారు. గూడెం పెద్ద అన్నీ కలిపి, తలా పిడికెడు తిరిగి ఇస్తాడు. వాటితోనే విత్తడం మొదలవుతుంది.

నేను ఆ అబద్ధం చెప్పిన ఎండాకాలం ములకలపల్లిలో రైతులకు మీటింగు పెట్టారు. వచ్చిన వ్యవసాయం సారు తెర మీద బొమ్మలు చూపించి, వాతావరణం మారిపోయింది, ఇక మనమే దానికి తగ్గట్టు మారాలి అన్నాడు. వెనక కూర్చున్న నాయనమ్మ లేచింది.

“మారుదం సారూ. ఎటు మారాలెనో జర చెప్పుండ్రి. పోయినేడు ఎండకు తగ్గట్టు మారితిమి, ఈయేడు అదే మారిపాయె.”

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి చెమట తుడుచుకున్నాడు. తర్వాతి బొమ్మ వేశాడు.

మనమే మారాలన్న సారు మాట నన్ను నిలవనియ్యలేదు. సర్దుకుపోవాలనే మాట ఆడపిల్లగా నాకు కొత్త కాదు. అయితే మేము సర్దుకోనిది ఏముంది? తునికాకు కోతకు అమ్మ ఇంకా చీకటి ఉండగానే పోయి, ఎండ ముదరకముందే వస్తోంది. నాన్న ఒక్క కాలంలో రెండుసార్లు పత్తి గింజ పెడుతున్నాడు. ఇంత మారినా ఇంకా మారమని మాకే చెప్తున్నారు. ఎండను పెంచినవాళ్లకు కూడా ఎక్కడో ఇలాంటి మీటింగు పెడతారా అని డైరీలో రాసి, మళ్లీ కొట్టేశాను.

మీటింగు అయిన వారానికే, రోహిణిలో, రెండు రోజులు దంచి వాన కొట్టింది. మూడో రోజు నాన్న కిరాయి ట్రాక్టర్ తెచ్చాడు.

“పండుగ కాలేదురా,” అంది నాయనమ్మ.

“పండుగ ఎప్పుడో వానకేం తెలుసే అమ్మా? ట్రాక్టర్ మళ్ల దొరకది. జొన్న గూడ జల్లుదమా లేదా, జల్దీ చెప్పు.”

“జల్లినంక వాన రాకుంటే? నీ పత్తి దుకాణంల దొరుకుతది. నా జొన్న ఏడ దొరుకుతది?”

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. “నీ బుక్కుల సూడు బిడ్డా. పోయినేడు మొదటి వాన పడ్డంక, రెండో వాన ఎన్ని దినాలకు పడ్డది?”

డైరీ తెచ్చి తెరిచాను. ఆ నెలంతా తెల్లగా ఉంది. కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావు పుస్తకాల్లో మునిగి, పోయిన ఎండాకాలం ఒక్క ముక్క రాయలేదు. నాన్న వాకిట్లో నిలబడ్డాడు, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. రాయలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంట్లో నాకున్న విలువ ఆ డైరీ ఒక్కటే.

“ఆరు రోజులు,” అన్నాను.

నాయనమ్మ తెరిచిన పేజీ వైపు, నా వైపు చూసి, దూలానికున్న సొరబుర్ర దించింది.

అయిదో రోజుకు మొలక పచ్చగా లేచింది. ఆరో రోజు పొద్దున్నుంచీ నేను ఆకాశం చూస్తూనే ఉన్నాను. ఏడు, ఎనిమిది, పది. బిందెతో నీళ్లు మోసి ఒక సాలుకు పోశాను. నాన్న చూసి, “ఇగ అడివికి గూడ నువ్వే నీళ్లు పొయ్ తల్లీ,” అని నవ్వాడు. మొలక ముందు చివర్లు మాడింది, తర్వాత మొత్తం. వాన వచ్చేసరికి ఇరవై రోజులు దాటింది. నాన్న కొత్త ప్యాకెట్లు తెచ్చి పత్తి మళ్లీ పెట్టాడు. వాగు వైపు చెక్క అలాగే ఉండిపోయింది.

విత్తనాల పండుగ ఆ తర్వాత వచ్చింది. నాయనమ్మ బుర్ర బోర్లిస్తే బూడిద, అందులో నాలుగు గింజలు పడ్డాయి.

“ఏందే ముసలమ్మా, ఈయేడు బూడిద జల్లుతవా?” అన్నాడు గూడెం పెద్ద.

“అవ్. బూడిదకైతే వానతోటి పని లేదు గద!”

అందరితో పాటు తనూ నవ్వింది. ఇంటికొచ్చాక, పెద్ద తిరిగి ఇచ్చిన పిడికెడు చేటలో పోసి, వంగి, పచ్చజొన్న గింజలు ఒక్కొక్కటే ఏరింది. తనవి, ఎప్పుడో తన దగ్గర విత్తనం తీసుకుపోయిన వాళ్లవి, మొత్తం తొమ్మిది. వాటిని స్నానాల బండ దగ్గర, నీళ్లు పారే చోట పెట్టింది. ఏడు మొలిచాయి. ఒక్కటి కంకి వేసినా వచ్చే ఏడు ఒక సాలు, ఆ పై ఏడు ఒక చెక్క. రోజూ వాటిని లెక్కపెట్టి డైరీలో రాశాను. ఒక్క రోజు కూడా తప్పలేదు.

కాలేజీ తెరిచాక కొత్తగూడెం బస్సు కోసం నాయనమ్మా నేనూ రోడ్డు మీద నిలబడ్డాం. మొక్కలు అప్పటికి మోకాలెత్తు ఉన్నాయి. బస్సు కనబడేదాకా చెప్పాలనే అనుకున్నాను. బస్సు ఆగింది. నాయనమ్మ నా సంచీ అందిస్తూ అంది:

“ఆ దినం నాకు గూడ ఎవలన్న వాన వస్తదని ఒక మాట చెప్తే బాగుండనిపించింది. నాకు సదువు రాదు గానీ, తెల్లకాయితం తెల్లగనే కనబడతది బిడ్డా. ఈసారి తెల్వకుంటే తెల్వదని చెప్పు.”