చిల్లకల్లులో తీపి లేని వైను

తీగలు పీకించి మిరప వేస్తానని తమ్ముడు శేషు ఫోన్ చేశాడు. చిల్లకల్లు పక్కన నాన్న నాటిన పాత అనాబేషాహీ ద్రాక్ష తోట అది. ఆ కాయతో శేషు భార్య పద్మ, లైసెన్సున్న వైనరీలో ఈసారి తెల్ల వైను చేయించింది. మా ఇంట్లో ఏ తొలి పంటైనా పెద్దాడపడుచు రుచి చూశాకే మిగతావాళ్లు ముట్టాలి. ఆ పెద్దాడపడుచుని నేనే. పూజలు చేసుకునే అక్క వైను ముట్టదు, కాబట్టి సీసా ఎవరూ తెరవరు, వైను అమ్ముడుపోదు, తోట తీసేయొచ్చు. వాడి ధీమా అది. "నువ్వు రానక్కర్లేదక్కా" అన్నాడు. అందుకే బయలుదేరాను.

విజయవాడలో పూజ ముగించుకుని, పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. నందిగామలో ఇడ్లీ తిని, జగ్గయ్యపేట బస్సు పట్టుకుని చిల్లకల్లులో దిగాను. అక్కడి నుంచి తోటకు ఆటో వంద రూపాయలు.

"ద్రాక్ష తోటకాండీ? మందు తీయిస్తున్నారంటగా" అన్నాడు ఆటో అతను.

"వైను. రుచి చూడ్డానికే వెళ్తున్నా."

అద్దంలో నా బొట్టు చూసి, గేరు మార్చాడు.

పందిరి కింద పద్మ సీసా, స్టీలు గ్లాసు పెట్టింది. శేషు పక్కనే నిలబడ్డాడు.

"పంచదార వెయ్యకుండా వైనేంటని జగ్గయ్యపేటలో షావుకారు కూడా నవ్వాడక్కా."

"పంచదార వేస్తే పాత తీగ రుచి ఎక్కడ తెలుస్తుంది వదినా?" అంది పద్మ.

"అక్కని ఇబ్బంది పెట్టకు. ఆవిడ పూజలు ఆవిడకున్నాయి."

"పూజ అయిపోయింది. పొయ్ పద్మా."

ముందు పులుపు. మింగాక నాలుక మీద తొక్క వగరు, నలిపిన నిమ్మాకు వాసన. మొహం చిట్లించాను, దాచుకోలేదు.

"చూశావా" అన్నాడు శేషు.

"తీపి లేదు. బాగుంది. ఇక మీరూ తాగొచ్చు." గ్లాసు వాడి ముందుకు జరిపాను.

"నాకొద్దు."

"తాగకపోతే మానెయ్. తీగ మీద చెయ్యి మాత్రం వెయ్యకు."

వాడు ఫోన్ తీసి, మర్నాడు రమ్మన్న జేసీబీని వద్దన్నాడు. పద్మ గ్లాసు మళ్లీ నా వైపు జరిపింది. అందులో ఇంకొంచెం పోసింది.

నా భక్తిని అడ్డం పెట్టుకుని తోట తీసేద్దామనుకున్నాడు. నా భక్తి అందుకు కాదు. ఇల్లు చేరాక సాయంత్రం దీపం ఎప్పటిలాగే పెట్టాను. దేవుడికి సంజాయిషీ ఏమీ చెప్పుకోలేదు.

మీరూ వెళ్తే, చిల్లకల్లులో ఆపమని కండక్టరుకు నందిగామలోనే చెప్పండి. తోటలో పంచదార అడగొద్దు.