గోనెసంచుల తాలీం

నాకు ఒక మాట మీద చానా ఏండ్ల నుంచి కోపం ఉన్నది. ఆ మాట 'వయసు'. మోకాలు నొస్తున్నదని చెప్తే వయసు అంటరు. నిద్ర పడ్తలేదంటే వయసు. మెట్లు ఎక్కితే దమ్మొస్తున్నదంటే, వయసు కద పెద్దాయనా అని నవ్వుతరు. అదే ముప్ఫై ఏండ్లోనికి మోకాలు నొస్తే ఎక్స్‌రే ఫోటో తీస్తరు, రక్తం చూస్తరు, కారణం దొరికేదాక వెతుకుతరు. మాకు కారణం అక్కరలేదన్నట్టు. పుట్టుడే మా రోగం అన్నట్టు.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకనే. తర్వాత చదువంత ఉస్మాన్‌గంజ్‌ల అయ్యింది. మిర్చి, పసుపు దుకాణంల గుమాస్తాగ ఉన్నప్పుడు పొట్లాలు కట్టేతందుకు తూకానికి పాత కాయితాలు వచ్చేటియి. తెలుగు పత్రికలు, ఇంగ్లీషు పత్రికలు, అట్టలు లేని పుస్తకాలు, డాక్టరీ చదివే పిల్లలు పారేసిన కాయితాలు. నేను చదవంది పొట్లం కట్టకపోదును. గిరాకి నిలబడ్డదిరా, నువ్వు అఖ్బార్ చదువుతున్నవా అని సేటు తిట్టెటోడు. ఆయన యాభై ఐదేండ్లకే కర్ర పట్టుకుని, 'నేను ముసలోన్ని' అని అందరితోటి చెప్పుకుని, చెప్పుకున్నట్టే అయ్యి పోయిండు. నాకు ఇప్పుడు ఆయన కంటె ఇరవై ఏండ్లు ఎక్కువ. ధూల్‌పేట్ నుంచి గంజ్ దాక ఇంకా నడిచే పోత.

ఇప్పుడు ఫోన్ల చదువుత. ముసలితనం మీద ఈ నడుమ శాస్త్రవేత్తలు మస్తు పని చేస్తున్నరు. ఒక్క మనిషి ఒంట్లనే గుండె ఒక తీరుగ, కాలేయం ఇంకో తీరుగ ముసలియి అయితయట. పుట్టిన తారీకు ఒక్కటే అయినా ఇద్దరి లోపలి వయసు ఒక్కటి కాదట. కొన్ని కణాలు ఉంటయి, అవి చావయి, పని చెయ్యయి, పక్క కణాలను సుత పాడు చేస్తయి. అది చదివినప్పుడు నాకు మా చాయ్ హోటల్ యాదికొచ్చింది. ఖాళీ కప్పు ముందట పెట్టుకుని, టేబుల్ ఇడువకుండ, వచ్చినోళ్ళనందరిని గునుగుకుంట కూసునే మా తోటోళ్ళు కండ్ల ముందట కనవడ్డరు. ఎలుకలల్ల ఆ కణాలను తీసేస్తే ఎలుకలు కొంచెం హుషారయినయట. మనుషుల సంగతి తేలలే. తేలకముందే గోలీలు అమ్మేటోళ్ళు బయలుదేరిండ్రు, వాళ్ళ మీద నా కోపం వేరే.

అన్నిట్లకెల్ల నాకు సంబురం అయింది కండ సంగతి. ముసలోళ్ళకు కండ కరుగుతది, నిజమే. కానీ దానికి పని చెప్తే ఎనభై దాటినంక కూడ మళ్ళ గట్టిపడ్తదట. తొంభైల ఉన్నోళ్ళతోటి బరువులెత్తించి చూసిండ్రట. పనిలేకుండ పండవెడితే మాత్రం, పడుచోళ్ళకంటె మనకు తొందరగ పోతదట. ఇది చదివిన పొద్దున నేను ఇంట్ల అందరికి చదివి వినిపించిన. ఎవరూ ఖుషీ కాలే. ఖుషీ అయ్యే మనిషి నాకు ఒక్కడే తెలుసు, వాడు సైదాబాద్‌ల ఉన్నడు.

వాడు నా దోస్తు. గంజ్‌ల మా పక్క దుకాణం వాళ్ళదే. పొద్దుమూకుల గొంతుకూసోని మిర్చి ఏరెటోడు, పిలిస్తే చెయ్యి కింద పెట్టకుండ లేచెటోడు, స్ప్రింగు ఉన్నట్టు. భార్య పోయినంక దుకాణం ఇడిచిపెట్టి కొడుకు దగ్గరికి పోయిండు. కొడుకు మంచోడు, సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతడు, తండ్రిని పూల లెక్క చూసుకుంటడు. అక్కడనే వచ్చింది చిక్కు. ఆ ఫ్లాట్ల కూసునేది సోఫా మీద, తినేది టేబుల్ మీద, పండేది ఎత్తు మంచం మీద. నేల అన్నది అక్కడ చీపురుకు మాత్రమే పని. నీళ్ళ గ్లాసు కోసం లేస్తే, 'అబ్బాజాన్, మీరు కూసోండి' అని నలుగురు ఉరికొస్తరు. గట్ల కూసోని కూసోని దోస్తు కాళ్ళు సన్నగయ్యి పైజామ లోపట ఊగుతున్నయి.

పోయి కండ సంగతి చెప్పిన. వాడు ఇన్నడు. ఇని, కొడుకు అవుతలికి పోయేదాక ఆగి, నెమ్మదిగ తన సంగతి చెప్పిండు. నమాజుల వాడు కుర్చీ మీద కూసుంటున్నడట, ఆఖరు వరుసల. సజ్దా, అంటే నుదురు నేలకు ఆనించుడు, చెయ్యాల్నంటే కుర్చీలనే తల వంచుతడట, అంతే. నేల మీద కూసుంటె మళ్ళ లేవలేడని. కుర్చీల కూసుంటె ఏం తప్పు లేదని ఇమాం సాబ్ కూడ చెప్పిండు.

"మజ్హబు ఒప్పుకున్నది భాయ్, నా మనసు ఒప్పుకుంటలేదు," అన్నడు. "నా నుదురు నేలకు తాకక రెండేండ్లు దాటింది. కుర్చీల నుంచి దూరంగ సలాం చెప్పినట్టుంటది. దగ్గరికి పోయినట్టు ఉండదు."

నేను దేవుని సంగతి ఎక్కువ మాట్లాడెటోన్ని కాదు. కానీ ఒక మనిషి నేల దాక పోయి మళ్ళ లేచి రావాల్నని అడుగుతున్నడు, దానికి వయసు అని జవాబు చెప్తరా. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే వాన్ని మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన మోకాళ్ళ ఫోటో తీయించి చూసి, నేను భయపడ్డ మాటనే అన్నడు, వయసు అని. అప్పుడు నేను చదివిందంత ఆయన ముందట కుమ్మరించిన. బయట లైన్ల ఉన్నోళ్ళకు సుత ఇనవడి ఉంటది. డాక్టర్ ఆగం కాలే, కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. కీలు అంత అరగలేదు, తొడల కండనే పోయింది, కూసుండి లేచుడు మెల్లమెల్లగ చేస్తే వస్తది, పప్పు గుడ్డు బాగ తినాలె అన్నడు. మరి మొదాలు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "చెప్తే ఎవరూ చెయ్యరు పెద్దాయనా, చెప్పి చెప్పి మానుకున్న," అన్నడు. ఆ మాటకు నా కోపం సగం దిగింది.

ఇంట్ల చేద్దామంటే ఇంట్ల చెయ్యనియ్యరు. పార్కుల చేద్దామంటే దోస్తుకు సిగ్గు. అప్పుడు నాకు గంజ్ యాదికొచ్చింది. మా పాత సేటు మనుమడు ఇప్పుడు దుకాణం నడుపుతున్నడు, నన్ను ఇంకా గోదాంలకు రానిస్తడు. మధ్యాన్నం బేరాలు తగ్గినంక అక్కడ సప్పుడు ఉండదు. ఖాళీ గోనెసంచులు మడతలు పెట్టి గోడ పొంటి ఉంటయి. వాటిని కుర్చీ ఎత్తుకు పేర్చిన. దాని మీద మెల్లగ కూసోవాలె, చేతులు ఆనకుండ లేవాలె. అది సులువైననాడు పైనుంచి ఒక సంచి తీసేయాలె. గట్ల ఒక్కొక్కటి తీసుకుంట తీసుకుంట పోతే చివరికి మిగిలేది నేల. ఇంతే మా ఇలాజు, మా వైద్యం. ఇంట్ల నా దగ్గరికి పోతున్ననని చెప్పి వాడు రోజు ఆటోల వచ్చెటోడు.

మొదాలు మిర్చి సంచులు పెట్టిన, అది నా తెలివితక్కువ. ధబ్బున కూసున్నప్పుడల్ల ఘాటు లేచి ఇద్దరం తుమ్ముడే తుమ్ముడు. తుమ్ము ఊపుకు వాడు ఒకసారి తనంతట తనే లేచి నిలబడ్డడు. అది లెక్కకు రాదన్న నేను, వస్తదన్నడు వాడు, దాని మీద ఒక లొల్లి. తర్వాత పసుపు సంచులకు మార్చినం. హమాలీలు మమ్మల్ని చూసి ముసలోళ్ళ తాలీంఖానా తెరిచిండ్రని నవ్వెటోళ్ళు. ఒకాయన రోజు వచ్చి, "పహిల్వాన్‌సాబ్, కుస్తీ ఎప్పుడు?" అని అడిగి పోయెటోడు. దోస్తు మీసం తిప్పెటోడు. వానికి మీసమే లేదు.

వాన్ని చూసి నేను కూడ చేసిన. ధూల్‌పేట్ నుంచి నడిచొస్త అని గొప్పలు చెప్పిన కద, సంచులు మోకాలి కిందికి దిగినంక నాకూ లేవరాలే. చెయ్యి కింద పెట్టిన. వాడు అది చూసిండు, చూసి ఆ రోజంత దాని గురించే మాట్లాడిండు. "శాస్త్రం చదివిన కాళ్ళు గివేనా భాయ్?" అని నవ్విండు. అసుంటి నవ్వు వాని నోట్ల నేను మస్తు రోజులకు విన్న. గుడ్లు తింటున్నడు, రొట్టె ఇంకోటి అడుగుతున్నడు. ఇంట్లోళ్ళు ఏమో ఆకలి పెరిగింది, మంచిదే అనుకున్నరట.

అయితే లాల్చీలు వాన్ని పట్టిచ్చినయి. తెల్ల లాల్చీ, వెనక కూసునేకాడ రోజు గుండ్రంగ పసుపు. ఉతికినా పోదు. కోడలు కొడుకుకు చూపెట్టింది. కొడుకు గంజ్‌ల తెలిసినోళ్ళను అడిగితే, మీ నాయన ఉస్మాన్‌గంజ్‌ల సంచుల కాడ కనవడ్డడని చెప్పిండ్రు. ఆ పిల్లగాడు ఏమనుకోవాలె? మా అబ్బా నాకు చెప్పకుండ హమాలీ పని చేస్తున్నడు అనుకున్నడు.

ఒక మధ్యాన్నం గోదాంలకు వచ్చిండు. సరిగ్గ అప్పుడే దోస్తు తీసేసిన సంచి ఒకటి చేతుల పట్టుకుని ఉన్నడు. కొడుకు ముఖం ఎర్రగయ్యింది, కండ్లల్ల నీళ్ళు.

"అబ్బా, నేను తిండి పెడ్తలేనా? నలుగురు నన్నేమంటరు?" అన్నడు. నా దిక్కు తిరిగి, "చాచా, మీరన్న చెప్పొద్దా?" అన్నడు.

నేను నోరు తెరిచిన. కణాలు, కండలు, తొంభై ఏండ్లోళ్ళు, అన్ని వరుసగ వస్తున్నయి. దోస్తు చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపిండు.

"బేటా, నాకు నేల కావాలె," అన్నడు. సజ్దా సంగతి చెప్పిండు. కొడుకుకు అప్పటిదాక చెప్పలేదు, సిగ్గుపడి.

కొడుకు తండ్రి చేతుల సంచి తీసుకుని కింద పెట్టిండు. తర్వాత, పడితే ఎట్ల అని అడిగిండు. అమ్మీ బాత్‌రూంల పడ్డది, మంచం పట్టింది, మళ్ళ లేవలేదు, మర్చిపోయినవా అన్నడు. వాని భయం ఒట్టిది కాదు. నేను నా శాస్త్రాన్ని జేబుల పెట్టుకున్న.

"మర్చిపోలే," అన్నడు దోస్తు. "పడక ముందు రెండేండ్లు మనం ఆమెను లేవనియ్యలే బేటా. వచ్చినప్పుడల్ల నువ్వు, రోజు నేను, అందరం. కూసో కూసో అన్నం. ప్రేమతోటే అన్నం."

కొడుకు పోయి ఆ సంచుల మీద కూలవడ్డడు. సంచులు అప్పటికి మస్తు తక్కువున్నయి, జానెడు మీద కొంచెం. కాసేపు తల పట్టుకుని, ఇగ పోదాం పదండి అని లేవబోయిండు. లేవరాలే. పొద్దంత స్టూలు మీద కూసోని ఫోన్లు విప్పే మనిషి, పొట్ట కూడ ముందుకు వచ్చింది. ఒకసారి ఊగిండు, రెండోసారి ఊగిండు, మోకాళ్ళు టపటప అన్నయి. దోస్తు వాని ముందట నిలబడి, పెద్ద మర్యాదగ, "వయసు బేటా," అన్నడు.

ముందు నవ్వింది హమాలీలు. తర్వాత కొడుకే నవ్విండు, కండ్లు తుడుచుకుంట. తండ్రి చెయ్యి అందిస్తే పట్టుకుని లేచిండు. ఆ తర్వాత దుకాణానికి సెలవున్నప్పుడల్ల వాడు కూడ రావట్టిండు. ముగ్గురం ఒక వరుసల కూసుంటుంటిమి, లేస్తుంటిమి. తండ్రికి పట్టు కోసం ఒక గట్టి బల్ల తెచ్చి పక్కకు పెట్టింది వాడే.

నేల మీది రోజు వచ్చింది. కూసునుడు బాగనే కూసున్నడు. లేసుడు కాలే. ఒక మోకాలు ముడిచి, బల్ల అంచు పట్టుకుని, మొత్తానికి నిలబడ్డడు. మర్నాడు మళ్ళ. కొన్ని రోజులకు బల్ల మీద ఒట్టి వేళ్ళే ఆనించిండు. ఆ తర్వాత బల్ల దిక్కు చూడనే లేదు. ఎండాకాలం పోయి వానలు పడేటాళ్ళకు వాని పైజామ కాళ్ళకు సరిపోయింది.

ఒక శుక్రవారం నన్ను సైదాబాద్ రమ్మన్నడు. వాళ్ళ మసీదు మెట్ల కాడ చెప్పుల పక్కకు నిలబడ్డ. తలుపులు తెరిచే ఉన్నయి. ఆఖరు వరుసల కుర్చీలు కనవడుతున్నయి, ఒక కుర్చీ ఖాళీ. వరుసలు వంగినయి, లేచినయి, మళ్ళ వంగినయి. వీపులన్ని ఒక్క తీరుగ ఉంటయి, వాడు ఏ వీపో నేను గుర్తుపట్టలే. వాన్నట్ల గుర్తుపట్టరాకపోవుడే నాకు మస్తు ఖుషీ అనిపించింది. జమాతు, అందరు కలిసి చదివే నమాజు, అయ్యింది. కొందరు బయటికి వచ్చిండ్రు, కొందరు ఎవరి నమాజు వాళ్ళు చదువుకుంట లోపటనే ఉన్నరు. తండ్రీకొడుకులు రాలే. చూసిన, చూసిన. నాకు ఫికర్ మొదలయ్యింది.

చివరికి తండ్రి వచ్చిండు, నడుసుకుంట, మండిపడుకుంట. నుదురు మీద చాప గుర్తు ఎర్రగ ఉన్నది. వెనక కొడుకు, తప్పు చేసినట్టు.

ఏమయ్యింది మియా, లేవరాలేదా అని అడిగిన.

"నాకెందుకు లేవరాదు?" అన్నడు. "సజ్దాల ఉన్న. పైనున్నాయనతోటి రెండేండ్ల ముచ్చట్లు ఉన్నయి, జర ఆలస్యం కాదా? వీడు నేను ఇరుక్కున్న అనుకున్నడు. వాని నమాజు ఇడిచిపెట్టి వచ్చి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తి నిలబెట్టిండు. మాట నడుమలనే."

"భయమైంది చాచా," అన్నడు కొడుకు. "కదుల్తలేడు."

"కదలక ఉండేతందుకే కద పోయింది," అన్నడు తండ్రి. చెప్పులేసుకుని రెండు మెట్లు దిగిండు, ఆగిండు, కొడుకు దిక్కు వేలు చూపెట్టిండు. "నువ్వు ఇక్కడనే ఉండు. లోపటికి రాకు. నా మాట ఇంకా సగమే అయ్యింది."

మళ్ళ చెప్పులు ఇడిచి లోపటికి పోయిండు. కొడుకు, నేను మెట్ల మీద కూసున్నం. కొడుకు తలుపు దిక్కు చూడబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపిన. ఎంతసేపైనా పోనీ అన్న, వస్తడు.