బస్సెక్కిన ఏనుగు లద్దె

ఏనుగును బస్సెక్కించిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనూ చూడలేదు. కానీ ఏనుగు లద్దెను బస్సెక్కించి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, కుప్పం నుంచి గుడుపల్లె దాకా భద్రంగా తీసుకొచ్చిన మనిషి ఒకడున్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. ఆ ఒక్క గోనెసంచి పుణ్యమా అని ఓ ఊరి జనమంతా పళ్లేలు పట్టుకుని రోడ్డెక్కారు. ఒక పెద్ద అధికారి జీపు దిగనన్నాడు. మదనపల్లెలో మా అమ్మ చర్చిలో నిలబడి చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోయేంత పని జరిగింది. నవ్వుకోండి, ఫరవాలేదు. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు నేనూ మీతోపాటు నవ్వగలను.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. పేరు రత్నమ్మ. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. మా అవ్వ, తాత జీవితమంతా ఎండలో కూలికి పోయినవాళ్లు. మా ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటి మనిషి మా అమ్మ. ఖాకీ చొక్కా తొడిగిన మొదటి మనిషిని నేను. అది కూడా తాత్కాలిక ఉద్యోగపు చొక్కానే, నా కొలతకు కుట్టింది కాదు. అయినా నాకు ఉద్యోగం వచ్చిన ఆదివారమే అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది.

“దేవుడు నా కొడుకు సామేలుకు అడివిలో ఉద్యోగం ఇచ్చినాడు. ఇంక మా ఇంట్లో ఎవురూ ఎండలో తిరిగే పని లేదు!”

అందరూ చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగమే పొద్దస్తమానం ఎండలో తిరగడమని అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

కుప్పం దాటి గుడుపల్లె వైపు పోతే అడవి అంచున అటవీశాఖవాళ్లు కొత్తగా ఒక నడకదోవ వేశారు. వెదురు గేటు, మూడు కిలోమీటర్ల కాలిబాట, గేటు దగ్గర పెద్ద బోర్డు. బోర్డు నిండా ఏనుగు, ఎలుగుబంటి, చిరుత, జింక. వచ్చినవాళ్లను ఆ దోవలో నడిపించి తీసుకురావడం నా పని. మూడు నెలలు చూసి, పని బాగుంటే ఉంచుకుంటామన్నారు. నాకు అడవి నేర్పడానికి మునెప్పను పెట్టారు.

మునెప్ప అడవిని కాపలా కాసే వాచరు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఒక ఆకు వంగి ఉంటే దాన్ని వంచిందెవరో, ఎప్పుడు వంచిందో చెప్పేవాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, పిడికెడు మట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

“ఏమి వాసన వస్తాండాది సామేలూ?”

“మట్టి వాసన మునెప్పన్నా.”

“నీ ముక్కుకు జలుబు చేసిండాదప్పా. పంది పొర్లింది ఈడ. సరిగ్గా సూడు.”

ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కానీ ఇరవై రెండేళ్ల వయసులో నాకు వాసనలెందుకు? నాకు కావాల్సింది ఏనుగు. ఎందుకంటే వచ్చే జనానికి కావాల్సింది ఏనుగు. మా దోవలో వాళ్లకు దొరికేది రెండు ముంగిసలు, ఒక కోతులమంద. ఆ కోతులు కూడా చెట్ల మీద కాదు, గేటు దగ్గర వాళ్ల టిఫిన్ల మీద ఉండేవి.

పుంగనూరు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు వచ్చి, మూడు కిలోమీటర్లూ నడిచి, చెమట తుడుచుకుని, రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాసి వెళ్లాడు: ‘బోర్డు మీద ఏనుగు చాలా బాగున్నది. అడవిలో కూడా ఉండిన ఇంకనూ బాగుండును.’

మా రేంజర్ అది చదివి నన్ను పిలిపించాడు. “శనివారం పెద్దసారు వస్తాండాడు, చుట్టాల్ని తోడుకొని. ఆయనకు నచ్చితే ఈ దోవ ఉంటాది. నచ్చకపోతే గేటుకు తాళం. నువ్వు మదనపల్లె బస్సెక్కొచ్చు.”

మూడు నెలలు కూడా నిండకుండా ఇంటికి పోతే చర్చిలో అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? నేరుగా మునెప్ప దగ్గరికి పోయాను.

“అన్నా, శనివారం లోపల ఒక ఏనుగు కావాల.”

“ఏనుగులు అవతల కొండ గట్టు కాడ ఉండాయప్పా. ఈ పక్కకు రావు. రాకపోవడమే మేలు, ఈడ టమాటా తోటలు ఉండాయి గదా. ఏనుగు లేకుంటే ఏమి? ఈ దోవలో సూసే కండ్లకు చానా ఉండాది.”

సూసే కండ్లట! నాకు వేదాంతం చెబుతున్నాడనుకున్నాను. ఏనుగు రాకపోతే పోనీ, వచ్చి వెళ్లిందని అనిపిస్తే చాలదా? ఆ ఆలోచన వచ్చినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. అంత తెలివి మళ్లీ నాకు ఎప్పుడూ కలగలేదు, కలగకుండా దేవుడే కాపాడుతున్నాడు.

కుప్పానికి అవతల మచ్చిక ఏనుగుల శిబిరం ఉంది. శుక్రవారం అక్కడికి పోయాను. మావటిని లద్దె అడిగితే అదోలా చూశాడు.

“యాలప్పా నీకు?”

“టమాటా నారుకు ఎరువన్నా.”

“కావాల్సినంత ఎత్తుకోనిపో.”

గోనెసంచి నిండా ఎత్తుకుని బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ రెండు నిమిషాలకే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు వచ్చాడు.

“ఏందప్పా ఆ మూటలో?”

“ఎరువు సార్.”

“ఏమి ఎరువు? బస్సంతా ఏనుగుల కొట్టం మాదిరి ఉండాది!”

“మంచి ఎరువు సార్.”

“ఆ మంచిది నీ ఒళ్లోనే పెట్టుకో. కింద పెడితే దించేస్తా.”

అలా గుడుపల్లె దాకా దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చాను.

శనివారం తెల్లవారగానే దోవలో మొదటి మలుపు దగ్గర లద్దెను అందంగా అమర్చాను. ముందురోజు వాన పడింది, నేల మెత్తగా ఉంది. లద్దె ఒక్కటే ఉంటే బాగుండదని, నేను సంగటి చేసుకునే తపేలాను బోర్లించకుండా నేలకు గట్టిగా అదిమి గుండ్రటి అడుగులు కూడా వేశాను. ఒకదాని ముందు ఒకటి, తిన్నగా, ఎనిమిది అడుగులు. దూరంగా నిలబడి చూసుకుంటే నాకే కాస్త భయం వేసింది.

అక్కడే లెక్క తప్పింది. పెద్దసారు కంటే ముందు ఆ దోవన గంగులప్ప వచ్చాడు. పక్క ఊళ్లో టమాటా తోట ఉన్న రైతు, తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ వచ్చాడు. లద్దెను చూశాడు. ఆవు సంగతి మరిచిపోయి “ఏనుగప్పో! ఏనుగు!” అని అరుస్తూ ఊళ్లోకి పరుగెత్తాడు. అరగంటలో పళ్లేలు, డప్పులు, టపాకాయలతో ఊరంతా మా గేటు ముందుంది.

నేను చేతులు అడ్డం పెట్టాను. “అన్నా, ఏనుగు లేదు ఏమీ లేదు. పోండన్నా!”

“లేదా? లేకుంటే ఆ లద్దె నువ్వేసినావా?” అన్నాడు గంగులప్ప.

దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ చెప్పలేకపోయాను.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. డప్పులు, కేకలు, మధ్యలో ఎవరో అంటించిన టపాకాయ. పెద్దసారు దిగబోయి మళ్లీ ఎక్కేసి, అద్దం సగం దించి అడిగాడు.

“ఏం జరుగుతోంది ఇక్కడ?”

“రాత్రి ఏనుగొచ్చింది సామీ! తోటలో కాయ కోతకొచ్చి ఉండాది. కూలోళ్లు తోటలోకి రామంటాండారు. మా గతి ఏమి?” అన్నాడు గంగులప్ప. నాకు ఒక్కసారిగా సిగ్గేసింది. నా ఉద్యోగం కోసం ఆడిన నాటకం అతని తోట మీద పడింది.

పెద్దసారు రేంజర్ వైపు తిరిగాడు. “ఏనుగులు తిరిగే చోట కుటుంబాలను నడిపిస్తారా? ఎవరికైనా ఏమైనా అయితే? ఇవాళే గేటుకు తాళం వేయండి. ఆ బోర్డు పీకేయండి.”

విన్నారు కదా! ఏనుగు లేకపోతే మూసేస్తారని నేను ఏనుగును తెస్తే, ఏనుగు వచ్చిందని మూసేస్తున్నారు. అమ్మ, చర్చి, చప్పట్లు అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

అడవి లోపలి వాగు వైపు నుంచి మునెప్ప నెమ్మదిగా వచ్చాడు. జనాన్ని తప్పించుకుని మలుపు దగ్గరికి పోయి, గొంతుక్కూర్చున్నాడు. అందరూ కాస్త దూరంగా నిలబడ్డారు. ముందు అడుగులు చూశాడు.

“ఏమప్పా, ఈ ఏనుగు ఒంటికాలితో గెంతుకుంటా వచ్చినట్టుండాదే?”

పుల్లతో లద్దెను విడదీశాడు. ఒక గింజ తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“ఉలవలు తినిండాది.”

“అయ్యో, నా ఉలవ చేనులో పడిండాది!” అన్నారెవరో వెనక నుంచి.

“ఉండప్పా. ఇవి ఉడికిన ఉలవలు.” మునెప్ప లేచి నిలబడి నా వైపే చూశాడు. “అడివి ఏనుగుకు ఉలవలు ఉడకేసి పెట్టింది ఎవురు? పొయ్యి యాడ పెట్టినారు?”

శిబిరంలో ఏనుగులకు రోజూ ఉలవలు, రాగులు ఉడకేసి ముద్దలు పెడతారు. నాకు తెలుసు. ముందురోజు ఆ ఉలవలు ఉడికే గంగాళం పక్కనే నిలబడి లద్దె ఎత్తుకున్నాను. అయినా నా బుర్రకు తట్టలేదు.

“సామేలూ,” అన్నాడు మునెప్ప మెల్లగా, “నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

నేనే చెప్పాను. తలవంచుకుని, మొదటి నుంచి చివరి దాకా. పెద్దసారు జీపు దిగి నా ముందుకు వచ్చాడు.

“క్యాంపు నుంచి ఇక్కడికి ఎలా తెచ్చావు?”

“బస్సులో సార్.”

“టికెట్ తీసుకున్నావా?”

“నాకొక్కడికే సార్.”

మొదట నవ్వింది గంగులప్ప. నవ్వుతూనే పళ్లెంతో నా వీపు మీద ఒకటి ఇచ్చాడు, అది నాకు రావలసిందే. ఆ తర్వాత ఊరంతా నవ్వింది. పెద్దసారు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు గానీ ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

ఎలాగూ వచ్చాం కదా అని పెద్దసారు, జీపులోని చుట్టాలు మునెప్పను దోవ చూపించమన్నారు. మూడు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. చెట్టు బెరడు మీద ఎలుగు గోళ్లు గీరిన గీతలు, అది తవ్విన పుట్ట, రాతి సందులో ముళ్లపంది ముల్లు, తడిమట్టిలో జింకపిల్ల అడుగులు. రెండు నెలలుగా రోజూ నేను నడిచిన దోవే అది. ఒక్కటీ చూడలేదు. అందరి వెనకా నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, భయంతో కాదు.

దోవ మూయలేదు. పోతూ పోతూ పెద్దసారు నా శిక్ష చెప్పాడు. “ఏనుగు లద్దె మీద నీకింత ప్రేమ ఉంది కదా. రేపట్నుంచి క్యాంపుకు పో. మూడు నెలలు ఏనుగులకు ఉలవలు ఉడకెయ్యి. ఆ తర్వాత మునెప్ప సరేనంటే ఇక్కడికి రా.”

అమ్మకు ఫోనులో చెప్పాను. చివరి దాకా విన్నది. తర్వాత, “ఆదివారం వచ్చి చర్చిలో చెప్పు నాయనా. నేను చెప్పింది అబద్ధం కాకూడదు” అంది.

చెప్పాను. కండక్టరు మాటల దగ్గరికొచ్చేసరికి పాస్టరుగారు బైబిలును మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూర్చోగానే అమ్మ లేచింది.

“పోయినసారి నేను సగమే చెప్పినాను. దేవుడు నా కొడుక్కు అడివిలో ఉద్యోగం ఇచ్చినాడు. బుద్ధి ఇచ్చే పని మాత్రం మునెప్పన్నకు అప్పగించినాడు.”

ఆ చప్పట్లు మొదటిసారి కంటే గట్టిగా మోగాయి.

మునెప్ప ఇప్పుడు లేడు. ఆ దోవలో కొత్తగా పనిలో చేరే పిల్లలకు మట్టి వాసన చూపించేది నేనే. మట్టి వాసనే వస్తోందంటే, మీ ముక్కుకు జలుబు చేసిండాదప్పా అంటాను. అన్న ప్రతిసారీ ఆయన గుర్తొస్తాడు.

కాబట్టి పాఠకులారా, ఆ మునెప్ప మీద ఒట్టేసి మీ ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికినన్నాళ్లూ ఏ ఏనుగు లద్దెనూ అది పడిన చోటు నుంచి కదిలించను. తప్పనిసరై ఎప్పుడైనా బస్సెక్కించవలసి వస్తే, దానికి కూడా టికెట్ తీసుకుంటాను.